ప్రకటనలో పుట్టి ప్రకటనలోనే పోయినవి

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్ళు సామెత చెబుతారు. ఇటువంటి సోమలింగాలు సినిమా పరిశ్రమలోనే ఎక్కువని మన అభిప్రాయం. ముహూర్తం నాడు కొబ్బరికాయ కొడతారు, పత్రికలో నిండు పేజీ ప్రకటన వేయిస్తారు. ఆ పైన చిత్రం ఏమయిందో ఆ కొబ్బరికాయకే తెలియాలి. కాని ఇళ్ళల్లోకి కంప్యూటర్లు కొత్తగా వచ్చిన రోజుల్లో ఇంగ్లండులో ఆటల వ్యాపారం చేసినవారు ఈ విద్యలో మన నిర్మాతలకు గురువులనిపించుకోదగినవారు.

ఆ కంప్యూటర్ల సంగతి కొంచెం చెప్పాలి. 1982లో సింక్లెయిర్ వారు స్పెక్ట్రమ్ అనే చిన్న యంత్రం తెచ్చారు. 48 కె జ్ఞాపకశక్తి గలది 175 పౌన్లు. దాన్ని ఇంట్లో టెలివిజనుకు తగిలించుకోవాలి. ఆట వచ్చేది పాటల కాసెట్టు వంటి కాసెట్టులోనే. టేప్‌రికార్డరులో పెడితే అయిదు నిమిషాలు చెవులు చిల్లులు పడేలా కీచుమని, అదృష్టం బాగుంటే ఆట మొదలయ్యేది. లేకపోతే టేపు మళ్ళీ మొదటికి తిప్పుకోవడమే. కాసెట్టు ధర అయిదారు పౌన్లు. పిల్లలు చేతిఖర్చు డబ్బులు కూడబెట్టుకుని, నెలనెలా పత్రికల్లో రాబోయే ఆటల ప్రకటనలు చూస్తూ కాచుకుని వుండేవారు.

లివర్‌పూల్‌లో ఇమాజిన్ అని ఒక కంపెనీ. మార్క్ బట్లర్, డేవిడ్ లాసన్ అనే యిద్దరు యువకులు 1982లో పెట్టారు. మొదటి ఆట 'ఆర్కేడియా' బాగా అమ్ముడుపోయింది. ఇక చూసుకోండి, ఖరీదైన కార్లూ, హంగులూ, ఆర్భాటమూ! తమను గురించి పత్రికలవారిచేత రాయించుకోవడంలో సిద్ధహస్తులు. యూజీన్ ఎవాన్స్ అనే మీసం సరిగా మొలవని కుర్రవాడికి ఏడాదికి 35 వేల పౌన్ల జీతమని పత్రికలు రాశాయి.

1984లో వీరు రెండు 'మెగా ఆటలు' తెస్తున్నామని చాటారు. ఒకటి 'బాండర్‌స్నాచ్', లూయీ కారల్ తన కథల్లో, పద్యాల్లో కల్పించిన ఒక భయంకర జంతువు పేరది. రెండోది 'సైక్లాప్స్'. స్పెక్ట్రమ్ శక్తి బాండర్‌స్నాచ్‌కు చాలదట. అందుకని వెనక తగిలించుకునేందుకు ఒక పెట్టె కూడా యిస్తారట. ధర సుమారు 40 పౌన్లు! మామూలు ఆటలు ఏడు కొనుక్కోవచ్చు. ప్రకటనలో ఆట బొమ్మ లేదు. ఆట తయారుచేస్తున్న నలుగురి ఫోటోలున్నాయి. పెళ్ళికూతుర్ని చూపించమంటే వంటవాళ్ళను చూపించినట్టున్నది కదూ!

ఆ సమయానికే బీబీసీ వారు కొత్త వ్యాపారాల మీద చిత్రం తీద్దామని కెమేరాలు వేసుకుని వచ్చారు. తీద్దామనుకున్నది ఒక కంపెనీ వైభవం. కెమేరా ముందు జరిగింది జప్తు. 1984 జూలై 9న లండను హైకోర్టు ఇమాజిన్‌ను మూసివేయించింది. అప్పు దేనికనుకున్నారు? పత్రికలో వేయించుకున్న ప్రకటనలకు! ఆ పదివేల పౌన్ల బాకీ తీర్చలేక పోయింది కంపెనీ. ఆ చిత్రం డిసెంబరులో ప్రసారమయింది. యజమానులకు కార్లు పోయి వుండవచ్చు. ఆ ఉద్యోగాన్నే నమ్ముకున్న కుర్రవాళ్ళ సంగతే నాకు ఎక్కువ కష్టమనిపిస్తుంది.

చచ్చిన తర్వాత పేర్లకు పట్టిన గతి మరీ విచిత్రం. ఇమాజిన్ అనే పేరును మాంచెస్టరులోని పోటీ కంపెనీ ఓషన్ కొనుక్కుని, తన ఆటల మీద అచ్చు వేసుకుంది. లాసనూ, ఇయన్ హెదరింగ్టనూ బాండర్‌స్నాచ్‌ను సింక్లెయిర్ వారి క్యూఎల్ యంత్రానికి తయారుచేద్దామని చూశారు. అదీ సాగలేదు. చివరికి సైగ్నోసిస్ అనే కొత్త కంపెనీ ద్వారా, వేరే యంత్రాల మీద, ఆ ఆలోచనే 1986లో 'బ్రటాకస్' పేరుతో బయటికి వచ్చింది. ఆ ఆట కొన్న పిల్లవాడికి, తను రెండేళ్ళు ఎదురుచూసింది దీనికోసమేనని ఎలా తెలుస్తుంది? కాగితం దాటి పెద్దగా ముందుకుపోని సైక్లాప్స్ పేరునేమో కొన్నాళ్ళకు సైగ్నోసిస్ వారే తమ మరో ముద్రకు పెట్టుకున్నారు. బాండర్‌స్నాచ్ పేరు 2018లో ఒక నెట్‌ఫ్లిక్స్ చిత్రానికి దక్కింది. దాని కథ మొదలయ్యే రోజు 1984 జూలై 9.

కోర్టు భయంతో వేషం మార్చినవి వేరే జాతి. జపానులో 1980లో 'పక్‌మన్'గా పుట్టిన ఆటకు, తుంటరివాళ్ళు మొదటి అక్షరం గీకి బూతుమాట చేస్తారని అమెరికాలో 'పాక్‌మన్' అని పేరు మార్చారు. కమడోర్ విక్-20 మీద అది 'జెల్లీ మాన్‌స్టర్స్' అయింది; పాక్‌మన్ పేరు హక్కు అటారీ వారిది. బీబీసీ మైక్రో కంప్యూటరు మీద ఏకార్న్‌సాఫ్ట్ వారి 'స్నాపర్' మొదట అచ్చం పాక్‌మన్‌లాగే వుండడంతో వెనక్కి తీసుకోవలసి వచ్చింది. మళ్ళీ వచ్చేటప్పటికి పచ్చని గుండ్రటి మొహానికి పొట్టి కాళ్ళు మొలిచాయి, నెత్తిన ఆకుపచ్చ టోపీ వెలసింది! జాన్ రిట్మన్ 1987లో చేసిన 'హెడ్ ఓవర్ హీల్స్'కి మొదటి పేరు 'ఫుట్ అండ్ మౌత్'. మన పల్లెల్లో పశువులకు వచ్చే గాలికుంటు రోగానికి ఇంగ్లీషు పేరది. మార్చడమే మంచిదయింది.

రాకుండా పోయిన ఆటలను వెతికేవారు ఇప్పుడున్నారు. ఫ్రాంక్ గాస్కింగ్ అనే ఆయన ఏళ్ళ తరబడి యిదే పనిమీద వుండి, 2020లో వాటి మీద పెద్ద పుస్తకమే ప్రచురించాడు. ఆనాటి కుర్రవాళ్ళకు యిప్పుడు అరవైకి అటూ యిటూ వయసు. అటక మీద అట్టపెట్టెలో ఒక కాసెట్టు వుంటే వుండవచ్చు. టేపు మీది అయస్కాంతపు పూత ఏటికేడు చెడిపోతూ వుంటుంది. ఇల్లు మారినప్పుడు చెత్తలో పారేసినా చెప్పేవారు లేరు. అచ్చుపడని నవలకు చేతిరాత ప్రతి వున్నట్టు, యీ ఆటల్లో చాలావాటికి ఆ ఒక్క కాసెట్టే ఆధారం.

సీరియల్ చదివే మనకు బాగా అర్థమయ్యే సంగతి ఒకటి. ఆష్‌బీ అనే వూళ్ళో స్టాంపర్ సోదరులు 'అల్టిమేట్' పేరుతో ఆటలు చేసేవారు. 1984 నాటి వారి 'అండర్‌వరల్డ్' ఆటలో బయటపడడానికి మూడు దారులు. ఒక్కొక్క దారి ఒక్కొక్క తరువాయి ఆట పేరు చెబుతుంది. 'నైట్ లోర్' ఆ ఏడే వచ్చింది. 'పెంటగ్రామ్' 1986లో వచ్చింది. మూడోది 'మైర్ మేర్'. సోదరులు అల్టిమేట్‌ను వదులుకుని నింటెండో యంత్రాలకు ఆటలు చేయడానికి వెళ్ళిపోయారు. ఇవాళ ఎవరైనా పాత కాసెట్టు పెట్టి, ఆడి, గెలిచి, మూడో దారిన బయటికి వస్తే, మైర్ మేర్‌కు వెళ్ళమనే చెబుతుంది.