యాత్రకు వెంట తీసుకెళ్లే పొయ్యి: కొనే ముందు ఒక వైద్యుని మాట



కార్తికమాసం వచ్చిందంటే మా ధరణికోటలో తెల్లవారకముందే వాహనాల సందడి మొదలవుతుంది. కృష్ణలో స్నానం, అమరావతిలో అమరేశ్వరస్వామి దర్శనం, ఆపైన ఏ ఉసిరిచెట్టు నీడనో వనభోజనం. పంచారామాలను ఒక్క చుట్టులో దర్శించుకోవాలని బయలుదేరిన కుటుంబాలు కొన్ని టెంపో ట్రావెలర్ మాట్లాడుకొని, బియ్యం, పప్పు, కూరగాయలతోపాటు ఒక గ్యాస్ పొయ్యిని కూడా వేసుకొని వస్తాయి. ఏటి ఒడ్డున పదిమందీ కూర్చొని వేడివేడిగా తినడంలోని ఆనందం నాకు తెలియనిది కాదు.

అయితే ఒకనాటి ఉదయపు నడకలో నేను చూసిన దృశ్యం ఈ వ్యాసానికి కారణమైంది. సిలిండరు వాహనం లోపల ఉంది. రబ్బరు గొట్టం తలుపు సందులోంచి బయటికి వచ్చింది. పొయ్యి నేలమీద ఉంది. దానిపై నూనె కాగుతోంది. పక్కనే రెండేళ్ల పాప ఆడుకుంటోంది. నేను ఆగి, సిలిండరును బయట పెట్టించమని కోరాను. ఆ ఇంటి పెద్దాయన నవ్వి, "డాక్టరుగారూ, ఇరవై ఏళ్ల నుంచి ఇలాగే చేస్తున్నామండీ, ఏమీ కాలేదు" అన్నారు. నేను మారు పలకలేదు. కాని మనసులో ఒక మాట మెదిలింది: కాలిన గాయాలతో నా దగ్గరకు వచ్చినవారందరికీ ఆ ముందురోజు వరకూ ఏమీ కాలేదు.

ఆ వారంలోనే హైదరాబాదులోని మా మనవడు ఒక పొయ్యి బొమ్మ పంపి, "తాతయ్యా, లంబసింగి వెళ్తున్నాం, గుడారంలో ఉంటాం, ఇది కొననా?" అని అడిగాడు. వాడికి చెప్పిన సమాధానాన్నే మీకూ చెప్పదలచాను.

పొయ్యిల రకాలు – వాటి గుణదోషాలు

మొదటిది కిరసనాయిలు పంపు స్టవ్వు. 1892లో స్వీడన్ దేశస్థుడు లిండ్‌క్విస్ట్ రూపొందించిన ప్రైమస్ స్టవ్వు దీనికి మూలపురుషుడు. దక్షిణ ధ్రువానికి వెళ్లిన అముండ్‌సెన్ బృందం కూడా అటువంటి స్టవ్వు మీదనే వండుకుంది. యాత్రికులకు అది గొప్ప సేవ చేసిన మాట నిజం. అయినా ఈనాడు కుటుంబంతో వెళ్లేవారు దానిని అటకమీదే ఉంచడం మంచిదని నా అభిప్రాయం. ట్యాంకులో ఒత్తిడి పెరగడం, బర్నరు రంధ్రం మూసుకుపోవడం, వెలుగుతుండగానే నూనె పోయడం, ఈ మూడింటి వల్ల ఎన్ని ఒళ్లు కాలాయో ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేసిన నా తరం వైద్యులందరికీ తెలుసు. ఇంకొక చిక్కు ఉంది. ప్రయాణంలో కిరసనాయిలును శీతలపానీయపు సీసాలో పోసుకుంటారు. దాహమేసిన పిల్లవాడు దానిని నీళ్లనుకొని తాగుతాడు. అప్పుడు తల్లులు చేసే మొదటి పని ఉప్పునీళ్లు పోసి వాంతి చేయించడం. ఎంతమాత్రం చేయకూడని పని అదే. వాంతిలో పైకి వచ్చిన కిరసనాయిలు ఊపిరితిత్తుల్లోకి దిగితే తీవ్రమైన న్యుమోనియా వస్తుంది. వాంతి చేయించకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

రెండవది పెట్టెలాంటి చిన్న పొయ్యి. స్ప్రే డబ్బా వంటి బ్యూటేన్ డబ్బా దాని పక్క అరలో ఇమిడిపోతుంది. మా మనవడు పంపినది ఇదే. తేలికగా ఉంటుంది, టీ కాచుకోవడానికి, పసిపిల్లలకు పాలు వేడిచేయడానికి సరిపోతుంది. లోపమేమిటంటే, పొయ్యికన్నా వెడల్పైన గిన్నెను గాని పెనాన్ని గాని పెడితే, దాని అడుగు నుంచి వేడి డబ్బా మీదికి మళ్లుతుంది. డబ్బాలోని ఒత్తిడి పెరిగి అది పేలవచ్చు. రెండు పొయ్యిలను పక్కపక్కన పెట్టి వాటిమీద ఒకే పెద్ద పెనం వేయడం మరీ ప్రమాదం. పైగా బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర సరిగా ఆవిరి కాదు. లంబసింగి చలిలో తెల్లవారుజామున మంట బలహీనపడితే, డబ్బాను నిప్పుసెగకు చూపించే అమాయకులు ఉంటారు. ఆ పని ఎన్నడూ చేయకండి.

మూడవది 5 కిలోల చిన్న సిలిండరు, దానికి గొట్టంతో కలిపిన వేరు పొయ్యి. బరువెక్కువ, చోటెక్కువ. కాని మంటకూ సిలిండరుకూ నడుమ దూరం ఉంటుంది. పదిమందికి అన్నం, పప్పు వండవలసిన కుటుంబానికి ఇదే తగినది. సిలిండరు నెత్తినే బర్నరు బిగించి, దానిమీద గిన్నె పెట్టే రకం కూడా బజారులో ఉంది. అది ఎత్తుగా ఉండి సులభంగా ఒరుగుతుంది. పిల్లలున్న చోట దానిని నేను అంగీకరించను.

ఎంత గ్యాస్ కావాలన్నది కూడా లెక్క చూసుకోవచ్చు. లీటరు నీరు 30 డిగ్రీల నుంచి మరగడానికి 70 కిలోకేలరీలు కావాలి. కిలో గ్యాస్ మండితే సుమారు 11,000 కిలోకేలరీల వేడి వస్తుంది. అందులో సగం గాలిలో కలిసిపోయినా లీటరు నీటికి 13 గ్రాముల గ్యాస్ చాలు. అంటే 220 గ్రాముల చిన్న డబ్బా ఒక రోజు టీకి, పాలకు ధారాళంగా సరిపోతుంది. అవసరానికి మించి డబ్బాలు మోసుకుపోవడం ప్రమాదాన్ని మోసుకుపోవడమే.

సిలిండరు విషయంలో జాగ్రత్తలు

చిన్న సిలిండరును గ్యాస్ కంపెనీల అధీకృత విక్రేతల దగ్గర గుర్తింపు కార్డు చూపి కొనవచ్చు. వీధిచివర దుకాణంలో పెద్ద సిలిండరు నుంచి చిన్నదానిలోకి నింపించుకోవడం మాత్రం ప్రాణాలతో చెలగాటం. సిలిండరులోని ద్రవం వేడికి వ్యాకోచిస్తుంది. అందుకే బాట్లింగ్ ప్లాంటులో కొలత ప్రకారం నింపి, పైన కొంత ఖాళీ వదులుతారు. వీధి దుకాణంలో ఆ కొలత ఉండదు. అంచుదాకా నిండిన సిలిండరును మన రెంటచింతల ఎండలో కారు డిక్కీలో పెడితే ఏమవుతుందో ఊహించండి.

సిలిండరు పైభాగాన, పిడి పట్టీల లోపలివైపు ఒక ఇంగ్లీషు అక్షరం, ఒక అంకె ఉంటాయి. ఎ అంటే జనవరి–మార్చి, బి అంటే ఏప్రిల్–జూన్, సి అంటే జూలై–సెప్టెంబరు, డి అంటే అక్టోబరు–డిసెంబరు. అంకె సంవత్సరాన్ని తెలుపుతుంది. ఆ గడువు దాటిన సిలిండరును తీసుకోవద్దు. పొయ్యికి ఐ.ఎస్.ఐ. ముద్ర ఉండాలి. రబ్బరు గొట్టం ఐదేళ్లకు మించి వాడకూడదు. బిగించిన తరువాత సబ్బునురుగు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. అగ్గిపుల్ల గీసి పరీక్షించకండి.

వంటగ్యాస్ గాలికన్నా బరువైనది. అది కారితే పైకి పోదు, నేలను అంటుకొని పల్లానికి పారుతుంది, వాహనం అడుగున నిలుస్తుంది. కాబట్టి ప్రయాణంలో సిలిండరును నిలువుగా కదలకుండా కట్టి, కిటికీలు కొద్దిగా తెరిచి ఉంచాలి. గమ్యం చేరగానే దించివేయాలి. వాసన తెలిస్తే ఏ స్విచ్చూ వేయక, తీయక, అందరినీ దూరంగా తీసుకుపోయి 1906కు ఫోన్ చేయాలి.

కంటికి కనిపించని విషం

ఇప్పుడు నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకుంటాను. ఉద్యోగంలో చేరిన తొలినాళ్లలో మా అమ్మనూ భార్యనూ వెంటబెట్టుకొని చలికాలంలో ఒక కొండమీది క్షేత్రానికి వెళ్లాను. సత్రపు గదిలో అమ్మకు చలిగా ఉందని బొగ్గుల కుంపటి వెలిగించి, తలుపులూ కిటికీలూ బిగించాను. అర్ధరాత్రి అమ్మ తలనొప్పి అంది. కాసేపటికి నా భార్యకు వాంతులు. నాకూ తల దిమ్ముగా ఉంది. సాయంత్రం తిన్న భోజనం పడలేదని తీర్మానించి మాత్రలు వెదుకుతూ కూర్చున్నాను. వాంతి చేసుకోవడానికి నా భార్య కిటికీ తెరిచింది. చల్లగాలి లోపలికి వచ్చాక గాని నాకు బుద్ధి రాలేదు. కుంపటిని బయటికి విసిరేశాను. వైద్య పట్టా చేతిలో ఉన్నవాడిని, ముగ్గురికీ ఒకేసారి తలనొప్పి వస్తే గదిలోని గాలిని అనుమానించలేకపోయాను. ఆ రాత్రి ఆమె కిటికీ తీయకపోయి ఉంటే అన్న ఆలోచన ఈనాటికీ నన్ను వదలదు.

బొగ్గు, కట్టె, కిరసనాయిలు, గ్యాస్, ఏది మండినా గాలి చాలనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా దానిని పట్టుకుంటుంది. అందువల్ల ఊపిరి ఆడుతున్నా శరీరానికి ఆక్సిజన్ అందదు. తలనొప్పి, తల తిరగడం, వికారం, నిద్రమత్తు, ఆపైన స్పృహ తప్పడం వరుసగా వస్తాయి. నిద్రలో ఉన్నవారికి ఈ హెచ్చరికలేవీ తెలియవు. వేలికి పెట్టే ఆక్సిమీటరు కూడా ఇక్కడ మోసం చేస్తుంది. విషవాయువు పట్టిన హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ ఉన్నదానిగా చూపిస్తుంది. 1934లో అంటార్కిటికాలో ఒంటరిగా శీతకాలం గడిపిన అమెరికా అన్వేషకుడు రిచర్డ్ బర్డ్ అంతటివాడు తన గుడిసెలోని స్టవ్వు పొగ వల్ల ఈ విషానికి లోనై చావు అంచుదాకా వెళ్లాడు.

కనుక గుడారంలో, కారులో, మూసిన గదిలో ఏ పొయ్యినీ వెలిగించకండి. చలి కాచుకోవడానికి అసలే వద్దు. ఎవరికైనా అనుమానం కలిగితే వెంటనే అందరినీ ఆరుబయటికి తెచ్చి 108కి ఫోన్ చేయండి. స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే ఈ విషం చాలా త్వరగా తగ్గుతుంది. గర్భిణుల విషయంలో, పసిపిల్లల విషయంలో క్షణమైనా ఆలస్యం పనికిరాదు.

పొయ్యి వద్దన్న చోట వద్దు

2023 ఆగస్టు 26 తెల్లవారుజామున మదురైలో నిలిపి ఉన్న ఒక యాత్రికుల రైలుపెట్టె తగలబడి 9 మంది మరణించారు. వారు లక్నో వైపు నుంచి రామేశ్వర యాత్రకు వచ్చినవారు. నిషేధాన్ని కాదని లోపలికి తెచ్చిన గ్యాస్ సిలిండరే ఆ ప్రమాదానికి కారణమైంది. ఒక గుక్కెడు టీకోసం ఇంత మూల్యం చెల్లించాలా? రైలులో, ఆర్టీసీ బస్సులో సిలిండరు తీసుకుపోవడం నేరం. నల్లమల వంటి రక్షిత అడవుల్లో నిప్పు రాజేయడం కూడా చట్టరీత్యా నిషిద్ధమే. ఎండుటాకుల మీద పడిన ఒక నిప్పురవ్వ ఎన్ని ఎకరాలను కాలుస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు.

ఆరుబయట వెలిగించేటప్పుడు చదునైన నేల చూసుకోండి. కృష్ణ ఒడ్డున గాలి దిశ మారుతూ ఉంటుంది. గాలికి అడ్డుగా మనుషులు, ముఖ్యంగా చీరకొంగుతో స్త్రీలు, నిలబడవద్దు. నైలాన్, పాలిస్టర్ బట్టలు కరిగి చర్మానికి అంటుకుపోతాయి. వంటచేసేవారు నూలుబట్టలు కట్టి, కొంగు నడుముకు దోపుకోవాలి. పొయ్యి చుట్టూ మూడడుగుల గీత గీసి, పిల్లలు ఆ గీత దాటకుండా చూసే పని ఒకరికి ప్రత్యేకంగా అప్పగించండి.

ఒళ్లు కాలితే

బట్టలంటుకున్నవారు పరుగెత్తకూడదు. నేలమీద దొర్లించి, మందపాటి నూలు దుప్పటి కప్పి మంట ఆర్పాలి. తరువాత కాలినచోట 20 నిమిషాలపాటు చల్లని మంచినీరు ధారగా పోయాలి. ఐసుగడ్డలు వద్దు. పసుపు, సిరా, టూత్‌పేస్టు, కోడిగుడ్డు సొన పూయవద్దు. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసివేయాలి. అంటుకున్న బట్టను లాగకూడదు. శుభ్రమైన నూలుగుడ్డ కప్పి ఆసుపత్రికి చేర్చాలి. ముఖం, చేతులు, మర్మాంగాలు కాలినా, పసిపిల్లలకు గాయమైనా, అది చిన్నదే అని ఇంట్లో ఉంచవద్దు.

చివరిగా నా అభిప్రాయం

పొయ్యి కొనబోయేవారు ధర, బరువు చూస్తారు. దాని పక్కన కూర్చోబోయేది ఎవరో కూడా చూడమని నా విన్నపం. ఇద్దరు యువకులకు పనికివచ్చే పొయ్యి, పాకే పాప ఉన్న కుటుంబానికి పనికిరాదు. పదిమందికి వండాలంటే వేరు సిలిండరున్న పొయ్యి, టీ పాలకైతే పెట్టె పొయ్యి, గుడారంలోకి, రైలులోకి, అడవిలోకి ఏదీ వద్దు. ఒక్క పూట ప్రయాణానికైతే పులిహోర, దద్దోజనం, ఫ్లాస్కులో వేడినీళ్లు చాలవా? మన పెద్దలు చద్దిమూట కట్టుకొనే కదా ఊళ్లు తిరిగారు.

మా మనవడు పెట్టె పొయ్యే కొన్నాడు. గుడారానికి బయట, పది అడుగుల దూరంలో టీ కాచుకున్నారట. రాత్రి చలికి పొయ్యి బదులు అదనంగా రెండు కంబళ్లు కప్పుకున్నారట. ఆ మాట ఫోన్‌లో విన్నాక నేను నిశ్చింతగా నిద్రపోయాను. రేపు మీ పిల్లలు యాత్రకు బయలుదేరినప్పుడు మీరూ అలాగే నిద్రపోవాలని కోరుకుంటూ సెలవు.