కెమేరా కబుర్లు: అగ్ఫా పెట్టె, మూడు చెంబుల నీళ్లు

అగ్ఫా క్లిక్ త్రీ అనగానే చాలా ఇళ్లలో అటకవైపు చూస్తారు. బరోడాలో న్యూ ఇండియా ఇండస్ట్రీస్ వారు తయారుచేసిన యీ నల్లని ప్లాస్టిక్ పెట్టె ఒక తరానికి పెళ్లిళ్లూ, తిరుపతి ప్రయాణాలూ, చంటిపిల్లల బోసినవ్వులూ పట్టి యిచ్చింది. దీని అభిమానుల తీరే వేరు. యాషికా వాళ్లు లెన్సుల గొప్ప చెప్పుకుంటూ వుంటే వీళ్లు ఓపికగా విని, చివరికి ఒక్కమాట అంటారు: “మా దాంట్లో చెడిపోవడానికి ఏముందండీ?”

నిజమే సుమా! ఒకటే లెన్సు, ఒకటే షట్టరు వేగం, ఎండకొక గుర్తు, మబ్బుకొక గుర్తు. 120 నంబరు ఫిల్ము వేస్తే పన్నెండు చదరపు బొమ్మలు వస్తాయి. ఆ 120 కొలత కొడక్ వారు 1901లో పెట్టింది, నేటికీ అమ్ముతున్నారు. ఊటీలో 1960లో స్థాపించిన హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ వారి ‘ఇందు’ ఫిల్ము మాత్రం మరి లేదు, ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఇల్ఫర్డు, కొడక్, ఫోమా వారి చుట్టలు దొరుకుతాయి. కాబట్టి అటకమీది పెట్టెకు ఆయుర్దాయం తీరలేదు.

అయితే అనంతపురం సీమలో ఆ పెట్టెతో పనిచేయడం కోనసీమలో పనిచేయడం వంటిది కాదు. ఇక్కడ ఎండ ఎక్కువ, దుమ్ము ఎక్కువ, నీళ్లు తక్కువ. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బతికే పీఠభూమి యిది. ఫోటో తీయడానికి కావలసింది వెలుగయితే, దాన్ని నిలపడానికి కావలసింది నీళ్లు. మొదటిది దేవుడు దండిగా యిచ్చాడు. చిక్కంతా రెండోదానితోనే.

ముందు ఎండ సంగతి. క్లిక్ త్రీ షట్టరు నిదానం మనిషి. మిట్టమధ్యాహ్నం వేగంగల ఫిల్ము వేసి నొక్కితే నెగటివు నల్లబడిపోతుంది, తెల్లచొక్కా ఒక సున్నపు ముద్దగా కనబడుతుంది. 100 అంకె దాటని ఫిల్ము వాడండి. ఉదయం తొమ్మిదిలోపలా, సాయంత్రం నాలుగున్నర తరువాతా తీయండి. నడినెత్తి ఎండలో కళ్లకింద నీడలు పడి పడుచుపిల్ల కూడా ముసలమ్మలా వస్తుంది. తరువాత ఆ పిల్లకు మీరే జవాబు చెప్పుకోవాలి! పది అడుగులకంటే దగ్గరికి వెళ్లకండి, బొమ్మ మసకబారుతుంది. ముఖాలు నడిమధ్య వుండేలా చూడండి. ఒంటి అద్దపు లెన్సుకు అంచులు ఎప్పుడూ మెత్తనే. మీట నొక్కేటప్పుడు ఊపిరి బిగపట్టండి.

వెనుక వున్న ఎర్రకిటికీ గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటి వుంది. పాతకాలపు ఫిల్ములు కొన్నిటికి ఎర్రరంగు కనబడదు, అందుకే ఆ కిటికీ ఎర్రగా పెట్టారు. ఇప్పటి ప్యాంక్రోమాటిక్ ఫిల్ముకు ఎరుపు కూడా కనబడుతుంది. మన ఎండలో ఆ కిటికీ తెరచివుంచి తిరిగితే బొమ్మల మీద మసక మచ్చలు పడతాయి. ఒక నల్లపట్టీ అంటించి, అంకె చూసేటప్పుడు మాత్రం నీడలో ఎత్తి చూడండి. కాణీ ఖర్చులేని మరమ్మతు.

ఇక దుమ్ము. ఆషాఢమాసపు గాలి సంగతి సీమవారికి వేరే చెప్పనక్కరలేదు. బుడ్డల చేలల్లో ఎర్రమన్ను లేచి కంట్లో పడుతుంది. అప్పుడు ఆరుబయట కెమేరా వీపు తెరవడం మహాపాపం. లోపల ఒక్క ఇసుకరేణువు చేరితే ఫిల్ము పొడుగునా గీత పడుతుంది, పన్నెండు బొమ్మలూ ఒకే గీతతో వస్తాయి. లెన్సును పంచెకొంగుతో తుడవకండి. రబ్బరు బుడ్డితో గాలి వూదండి, చాలు.

ఏమి తీయాలి అంటే, లేపాక్షి బసవన్న యీ పెట్టెకోసమే ఆరుబయట కూర్చున్నాడా అనిపిస్తుంది. 2022 నుంచి లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలో వుందనుకోండి. ఎండా బసవన్నా మారలేదు. ఏకశిలలో చెక్కిన ఆ నంది పొడవు సుమారు 27 అడుగులు, ఎత్తు 15. పూర్తిగా పట్టాలంటే మీరు దాదాపు నలభై అడుగుల దూరంలో నిలవాలి. అక్కడి గుడి మండపంలోని పైకప్పు చిత్రాలు మాత్రం ఆశపడకండి. ఒకే వేగపు షట్టరుకు ఆ మసక వెలుతురు అందదు, ఫిల్ము వృథా.

కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను మరీ చిత్రం. సుమారు అయిదెకరాలు పరచుకున్న చెట్టు ఒక్క బొమ్మలో ఎలా యిముడుతుంది? దూరం నుంచి తీస్తే తోపులా కనబడుతుంది, చెట్టులా కాదు. ఊడల మధ్య ఒక మనిషిని నిలబెట్టి తీయండి, చూసేవాడికి కొలత అందుతుంది. ఆ చెట్టును లోకానికి చూపించినవారు బెంగుళూరుకు చెందిన పత్రికా ఫోటోగ్రాఫరు సత్యనారాయణ అయ్యర్. పత్రికలవారు విచారం తెలుపుతూ రచనలు తిప్పిపంపగా పంపగా, ఆయన ‘రెగ్రెట్’ అన్న ఆ మాటనే పేరుకు ముందు తగిలించుకుని రెగ్రెట్ అయ్యర్ అయ్యారు. ఆయన పట్టుదల వల్లనే 1989లో ఆ చెట్టు గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. తిరిగివచ్చిన ఫోటోలు చూసి ముఖం ముడుచుకునే చిరంజీవులు యీ సంగతి గుర్తుపెట్టుకోవచ్చు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇంట్లోనే ఫిల్ము కడుక్కునే సరదా మళ్లీ మొదలయింది, సంతోషం. కానీ సీమలో డెవలపరు వేడి 20 డిగ్రీల దగ్గర వుంచడం వేసవిలో పెద్ద తపస్సు. 24 డిగ్రీలకు చేరితే పది నిమిషాల పని ఏడు నిమిషాలకు తగ్గించండి. అంతకు మించితే ఫిల్ము మీది జెలటిన్ పూత మెత్తబడుతుంది. ఐసుముక్క డెవలపరులో వెయ్యకండి, పలచబడిపోతుంది. బయట బేసినులో వేసి సీసాను అందులో నిలబెట్టండి. ఐసు లేకపోతే మట్టికుండ వుండనే వుంది. మన పొడిగాలికి కుండనీళ్లు ఎంత చల్లబడతాయో అందరికీ తెలుసు. అన్ని నీళ్లూ ఒకే చల్లదనంలో వుండాలన్నది ముఖ్యం. చల్లని డెవలపరులోంచి తీసి కాగిన పంపునీళ్లలో ముంచితే పూత ముడతలుపడి జల్లెడలా తయారవుతుంది. ఆ మీదట చేయగలిగింది లేదు.

కడగడం దగ్గరే కష్టం. పాతపుస్తకాలు పారే నీటికింద అరగంట కడగమంటాయి. ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టే వీధిలో అరగంట పంపు వదిలితే ఇంటి ఇల్లాలు వూరుకుంటుందా? వూరుకోకూడదు కూడా. అలాగని రెండుసార్లు ముంచి ఆరవేస్తే హైపో ఫిల్ములో మిగిలిపోతుంది. ఈ ఏడు ఏమీ తెలియదు. ఏళ్లు గడిచేకొద్దీ బొమ్మ పసుపెక్కి, మరకలు పడి, వెలిసిపోతుంది. ఆ అవ్వ ఫోటో ఇంట్లో అదొక్కటే అయితే, నాలుగు చెంబులకు లోభించి ఆమె ముఖాన్నే పోగొట్టుకున్నట్లు.

దీనికి ఇల్ఫర్డు వారు చెప్పిన ఉపాయం మన సీమకోసమే పుట్టిందా అనిపిస్తుంది. హైపో పారబోసి, డబ్బాలో అర లీటరు నీళ్లు నింపి, మూతపెట్టి అయిదుసార్లు తలకిందులు చేయండి. ఆ నీళ్లు తీసేసి మళ్లీ నింపి పదిసార్లు. మూడోసారి నింపి యిరవైసార్లు. అంతే! మూడు చెంబులు, మొత్తం లీటరున్నర. పూతను గట్టిపరచే రకం హైపో వాడినవారికి యిది చాలదు; కొనేటప్పుడే సీసామీద చదివి చూసుకోండి. బోరునీళ్ల ఉప్పు ఫిల్ము మీద తెల్లచుక్కలుగా ఆరుతుంది గనుక చిట్టచివర ఒక్కసారి డిస్టిల్డు వాటరులో ముంచి తీయండి. కడిగిన నీళ్లు కనకాంబరాలకు పోస్తానంటారేమో, వద్దు. హైపో కలిసిన నీరు మొక్కలకు పనికిరాదు, వాడిన హైపోలో వెండి కూడా వుంటుంది. బావి ఛాయలకు పోనివ్వకండి. ప్రింట్ల విషయంలో ప్లాస్టిక్ పూత కాగితం త్వరగా కడుగుడుపడుతుంది. పాతరకం కాగితం నీళ్లు తాగుతూనే వుంటుంది, అది వానాకాలానికి దాచుకోండి.

నెగటివులను పెట్టెలో చుట్టచుట్టి పడేయకుండా కత్తిరించి కాగితపు తొడుగుల్లో పెట్టండి. పాతవాటిలో చెరువు బొమ్మలుంటే విడిగా తీసి వుంచండి. అనంతసాగరం చెరువు పేరుమీద వెలసిన వూరు అనంతపురం; ఏ చెరువు ఏ ఏడు కట్టదాకా నిండిందో, ఏ ఏడు నెర్రెలు విచ్చిందో చెప్పగలిగే సాక్షులు ఇళ్లలోని యీ చదరపు బొమ్మలే.

ఈ శీర్షికకు ఫోటోలు పంపేవారు నెగటివు పంపకండి, ప్రింటు చాలు. వెనుక పెన్సిలుతో మెత్తగా రాయండి. పెన్ను సిరా ముందుకు దిగుతుంది. తీసినవారి పేరు, ఏ కెమేరా, ఏ ఫిల్ము అన్నవి సరే. చెరువు అయితే దాని పేరు, నెల, సంవత్సరం తప్పనిసరి. మీకు గుర్తులేకపోతే ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాయండి, వాళ్లు వుండగానే.