వంటగట్టు వెనుక ధూళి

అట్లాంటాకు ఉత్తరాన ఉన్న అల్ఫారెట్టాలో తెలుగు కుటుంబాలు కొత్త ఇల్లు కట్టించుకున్నా, పాత వంటింటిని మార్పించుకున్నా, వంటగట్టు కోసం చూసే పలకల్లో క్వార్ట్జ్ తప్పక ఉంటుంది. ఇది గనిలో తవ్వితీసిన రాయి కాదు. క్వార్ట్జ్ ఖనిజాన్ని పొడిచేసి, రెజిన్ అనే జిగురుతో కలిపి అదిమి తయారుచేసే పలక. గ్రానైట్‌లో సాధారణంగా 45 శాతానికి మించని స్ఫటిక సిలికా, అనగా ఇసుకలోని ప్రధాన పదార్థం, ఇందులో 90 శాతం దాటవచ్చు.

సింకు కోసం ఆ పలకకు రంధ్రం కోసేటప్పుడు నీరు పెట్టకుండా గ్రైండరు ఆడిస్తే, కార్మికుడి కనుబొమలు సైతం తెల్లబడతాయి. అయితే ప్రాణం మీదికి తెచ్చేది కంటికి ఆనని రేణువు. సముద్రతీరపు ఇసుక రేణువుకన్నా కనీసం 100 రెట్లు చిన్నదైన ఆ రేణువు ఊపిరితిత్తుల చివరి గాలిగదులకు చేరి, అక్కడి కణజాలాన్ని మచ్చకట్టించి బిగుసుకుపోయేలా చేస్తుంది. సిలికోసిస్ అనే ఈ వ్యాధిని నయం చేసే మందు లేదు. బాగా ముదిరితే ఊపిరితిత్తుల మార్పిడే దిక్కు. కాలిఫోర్నియాలో ఈ పలకలు కోసి వ్యాధి బారినపడిన 52 మందిపై 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం వారిలో 10 మంది మరణించారు. దాదాపు అందరూ లాటిన్ అమెరికా నుంచి వలస వచ్చినవారే. కొందరికి ఉన్నది న్యుమోనియా అనో క్షయ అనో వైద్యులు తొలుత పొరబడ్డారు.

ఇది తెలియక జరుగుతున్న అన్యాయం కాదు. 1930ల తొలినాళ్లలో వెస్ట్ వర్జీనియాలోని హాక్స్ నెస్ట్ సొరంగం తవ్వినప్పుడే ఈ ధూళి వందలాది కూలీలను బలిగొంది. 8 గంటల పనిలో సగటున ఘనపు మీటరు గాలికి సిలికా ధూళి 50 మైక్రోగ్రాములకు మించరాదని 2016లో సమాఖ్య ప్రభుత్వం పరిమితి విధించింది. గాలిని ఎవరూ కొలవని చిన్న దుకాణంలో ఆ అంకె కాగితానికే పరిమితం. అందుకే కాలిఫోర్నియా 2023 డిసెంబరులో నీరు పెట్టకుండా చేసే పొడికోతను నిషేధించింది. ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఈ పలకనే నిషేధించింది. ప్రైవేటు కార్మికుల భద్రతకు సొంత వ్యవస్థ లేక సమాఖ్య నిబంధనలపైనే ఆధారపడిన జార్జియాకు మేలు జరగాలంటే, పొడికోతపై దేశవ్యాప్త నిషేధం తక్షణం రావాలి. చిన్న దుకాణాలు ఖర్చు భరించలేవన్న వాదన నిలవదు. నీటి రంపం, ధూళిని లాగే యంత్రం, సరైన శ్వాసకవచం ధర వంటగట్టు ధరలోనే కలవాలి.

చట్టం వచ్చేదాకా గృహస్థులు చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. అడ్వాన్సు ఇచ్చే ముందే నీటితో కోస్తారా అని అడగండి, సూటిగా జవాబు రాకపోతే ఆ దుకాణాన్ని వదిలేయండి, బిగించే రోజున మీ డ్రైవ్‌వేలో పలకను పొడిగా కోయనివ్వకండి.