రెక్సిన్ పాతదే ఉండనివ్వండి

ఈసారి కారు గురించి రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పాత కారు లోపల సీట్లు, తలుపులు అరిగిపోతే వెంటనే పీకేసి కొత్తవి వేయకూడదు. ముందు బాగుచేయాలి. బాగుపడకపోతేనే మార్చాలి.

మా నాన్న దగ్గర 1958 నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ఉంది, మూడో సిరీస్. ఆక్స్‌ఫర్డ్ ఊరి పక్కన కౌలీ ఫ్యాక్టరీలో తయారైంది. మన వాళ్ళు ఎవరు చూసినా "అరె, అంబాసిడర్!" అంటారు. అందులో తప్పేమీ లేదు. ఈ కారు నమూనాతోనే హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు కోల్‌కతా దగ్గర ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారుచేశారు. బ్రిటన్‌లో ఈ సిరీస్ 1959లో ఆగిపోయింది. అక్కడ అంబాసిడర్ 2014 దాకా తయారైంది. గుంటూరులో తాతయ్య అంబాసిడర్‌లో తిరిగిన రోజులు గుర్తొచ్చి నాన్న ఈ కారు కొన్నారు.

డ్రైవర్ వైపు డోర్ ప్యాడ్, అంటే తలుపుకి లోపలివైపు ఉండే పలక, బాగా పాడైంది. మోచెయ్యి ఆనే చోట రంగు పోయి, నున్నగా అయిపోయి, ఒక మూల చిరిగింది. సీట్లు కుట్టే ఒకాయన వచ్చి చూసి, "నాలుగు తలుపులకీ కొత్త సెట్ వేద్దాం, షోరూంలోంచి ఇప్పుడే వచ్చినట్టు ఉంటుంది" అన్నారు. నాన్న దాదాపు ఒప్పుకున్నారు. నేను రెండు వారాలు ఆగమన్నాను.

ఇద్దరం కలిసి ప్యాడ్ విప్పాం. అద్దం తిప్పే హ్యాండిల్ తీశాం. తర్వాత అంచు వెంబడి ఒక్కొక్క క్లిప్పు దగ్గర పల్చటి పనిముట్టు పెట్టి నెమ్మదిగా లేపాం. లోపల చూస్తే అసలు రోగం తెలిసింది. కిటికీ అద్దం మీద పడిన వాన నీళ్ళు తలుపు లోపలికి దిగుతాయి. కింద ఉన్న చిన్న రంధ్రాల్లోంచి బయటికి పోవాలి. ఆ తడి పలకకి తగలకుండా మధ్యలో ఒక అడ్డు ఉంటుంది. మా కారులో ఆ అడ్డు చినిగిపోయింది. దాంతో హార్డ్‌బోర్డు తడిసి ఉబ్బింది. క్లిప్పులు పట్టు వదిలేశాయి. పైనున్న రెక్సిన్ మాత్రం, ఆ చిరుగు తప్ప, గట్టిగానే ఉంది.

అందుకే హార్డ్‌బోర్డు మార్చాం. పాతదాన్ని కాగితం మీద పెట్టి, గీత గీసి, అదే కొలతకి కొత్త పలక కోశాం. తడి తగలకుండా రెండు వైపులా వార్నిష్ వేశాం. రెక్సిన్‌ని గోరువెచ్చని సబ్బునీళ్ళతో తుడిచాం. చిరుగు వెనక పల్చటి గుడ్డతో మాసిక వేశాం. ఊడిన కుట్లని పాత రంధ్రాల్లోంచే మళ్ళీ కుట్టాం. కొత్త రంధ్రాలు పొడిస్తే ఆ వరసలో రెక్సిన్ చిరిగిపోతుంది. దగ్గరికెళ్ళి చూస్తే మాసిక తెలుస్తుంది. తెలియనివ్వండి.

నాకు తెలిసిన సూత్రం ఇదే: కంటికి కనబడనిది మార్చండి, చేతికి తగిలేది ఉంచండి.

దీనికి ఎదురు మాట ఉంది. అన్నీ ఉంచకూడదు, నిజమే. తివాచీ కింద తడి పట్టిన ఫెల్ట్‌ని ప్రేమతో ఉంచితే కారు అడుగు తుప్పు పట్టి పోతుంది. పొడి అయిపోయిన స్పాంజి మీద ఎవరూ కూర్చోలేరు. కొందరికి కొత్త కారులా మెరవడమే ఇష్టం, అది వాళ్ళ కారు. కానీ కొత్త సెట్ ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. పారేసిన పాతది మళ్ళీ రాదు. ఎలాగూ మార్చాల్సి వస్తే, పాత ముక్కలని అటక మీద దాచండి. తర్వాత కొలతకైనా, రంగు చూసుకోవడానికైనా అవే ఆధారం.

ఇక ఒక మాట సంగతి. పని చేస్తున్నప్పుడు నేను "వినైల్" అన్నాను. నాన్న "రెక్సిన్ అనమ్మా" అన్నారు. అది తెలుగు మాట అనుకున్నాను, ఎందుకంటే ఇంట్లో తప్ప ఎక్కడా వినలేదు. వెతికితే తెలిసింది, రెక్సిన్ అనేది మాంచెస్టర్ దగ్గర హైడ్ అనే ఊళ్ళో తయారైన తోలులాంటి గుడ్డకి కంపెనీ పెట్టుకున్న పేరు. గుడ్డ మీద పూత పూసి, తోలు మీద ఉండే గీతల్లాంటివి అచ్చు వేసేవాళ్ళు. నేను ఇక్కడే పుట్టి పెరిగాను. ఇక్కడి స్నేహితుల నోట ఆ మాట ఎప్పుడూ వినలేదు. తెలుగువాళ్ళు మాత్రం సోఫాకీ, బ్యాగుకీ, ఆటో సీటుకీ ఇప్పటికీ అదే అంటారు. ఇక్కడ పుట్టిన మాటని నేను గుంటూరు మీదుగా నేర్చుకున్నాను.

ఆ డోర్ ప్యాడ్ మీద అరుగుదల మా తాతయ్యది కాదు. మాకంటే ముందు ఈ కారు నడిపిన ఎవరో ఇంగ్లీషాయనది, లేదా ఆవిడది. అయినా దాన్ని చెరపాలని నాకు అనిపించలేదు. మన తెలుగు కూడా అంతే కదా. వేరేవాళ్ళు వాడి వాడి నున్నగా చేసిన మాటలే మన చేతికి వచ్చాయి. నేను మాట్లాడితే అక్కడక్కడా మాసికలు కనబడతాయి.

పోయిన ఆదివారం నాన్న కారు బయటికి తీశారు. మోచెయ్యి సరిగ్గా ఆ నున్నటి చోటే పెట్టుకున్నారు. కొత్త సెట్ గురించి మళ్ళీ అడగలేదు.