బడి ఏడాది వేరు.. ఊరి ఏడాది వేరు
పశ్చిమ మండలాల్లో ‘సుగ్గి’కి తరలుతున్న ప్రాథమిక చదువులు

ఆదోని: ప్రాథమిక పాఠశాలల వరకు 2025 సంవత్సరం కాగితాలపై చూస్తే కలిసివచ్చిన ఏడాదే. జూన్ 12న బడులు తెరిచిన రోజునే మధ్యాహ్న భోజనంలోకి సన్నబియ్యం వచ్చింది. పుస్తకాలు, ఏకరూప దుస్తులు, బూట్లతో కూడిన సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర కిట్లు అందాయి. ‘తల్లికి వందనం’ కింద ఒక్కో విద్యార్థికి 15,000 రూపాయల లెక్కన, పాఠశాల నిర్వహణ నిమిత్తం 2,000 మినహాయించి, 13,000 రూపాయలు తల్లుల ఖాతాల్లో జమయ్యాయి. 2022లో మూడు, నాలుగు, అయిదు తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించిన 117వ నంబరు ఉత్తర్వు రద్దయింది. తరగతికో ఉపాధ్యాయుడు ఉండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలలు ఏర్పడ్డాయి. మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటించగా, అత్యధిక వాటా ఉమ్మడి కర్నూలు జిల్లాకే దక్కింది.

ఇన్ని సమకూరినా కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం, హొళగుంద, ఆస్పరి, దేవనకొండ మండలాల పల్లెల్లో సంవత్సరాంతానికి బడి గదులు పలచబడ్డాయి. కారణం ఈ ప్రాంతవాసులకు విదితమే. దసరా, దీపావళి పండుగలు ముగిసీ ముగియకముందే సుగ్గి మొదలవుతుంది. ఇంటికి తాళం వేసి, పిల్లాపాపలతో, వంటపాత్రలతో, బియ్యం మూటలతో కుటుంబాలకు కుటుంబాలే పత్తి తీతకు, మిరప కోతలకు గుంటూరు, పల్నాడు ప్రాంతాలకు, తెలంగాణ జిల్లాలకు తరలిపోతాయి. కట్టడపు పనులకు బెంగళూరు వెళ్లేవారూ తక్కువేమీ కాదు. ఇది నిన్న మొన్న పుట్టిన సమస్య కాదు. 2011 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా అక్షరాస్యత 60 శాతానికి కాస్త దిగువనే నిలిచిపోవడంలో ఈ పడమటి పల్లెల పాత్ర ఎంతో అందరికీ తెలిసిందే.

కొత్త పంతుళ్లు వచ్చారు.. పిల్లలు వెళ్లారు

డీఎస్సీ అభ్యర్థులకు సెప్టెంబరు 25న నియామక పత్రాలు అందించారు. శిక్షణ ముగించుకొని వారు పాఠశాలల్లో చేరేసరికి అక్టోబరు వచ్చింది. ఏళ్ల తరబడి ఏకోపాధ్యాయుడితో నెట్టుకొచ్చిన పల్లె బడికి మరో ఉపాధ్యాయుడు రావడం చిన్న విషయం కాదు. అయితే ఆ ఏడాది దసరా అక్టోబరు 2న, దీపావళి 20న వచ్చాయి. అంటే ఉపాధ్యాయులు చేరడమూ, వలస బండ్లు కదలడమూ ఒకే నెలలో జరిగాయి. పిల్లల పేర్లు పూర్తిగా నోటికి రాకముందే కొత్త మాస్టారు ఖాళీ బల్లలను చూడాల్సి వచ్చింది. తప్పు ఎవరిదీ అనలేం గానీ, ఈ ప్రాంతపు క్యాలెండరు రాజధానిలో ఎవరి బల్ల మీదా లేదన్నది మాత్రం స్పష్టం.

తల్లిదండ్రుల సమావేశాల సంగతీ అంతే. 2024 డిసెంబరు 7న తొలి మెగా సమావేశం, 2025 జులై 10న రెండోది, డిసెంబరు 5న మూడోది నిర్వహించారు. జులైలో పొలం పనులకు విరామమిచ్చి తల్లులు, తండ్రులు వచ్చారు. డిసెంబరులో వలస పల్లెల వరండాల్లో కూర్చున్నది ఎక్కువగా అవ్వలూ తాతలే. మనుమడి ప్రగతి పత్రంపై వేలిముద్ర వేయగలరు గానీ, కొడుకూ కోడలూ ఎన్నడు తిరిగి వస్తారో వారికే తెలియదు. విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. ఆ సభ్యుల్లోనే కొందరు సుగ్గికి వెళితే తీర్మానాలపై సంతకాలు చేసేదెవరు?

వంట చేసే మహిళలనూ ఈ వలస తాకుతోంది. వారి గౌరవ వేతనం 2019లో 1,000 నుంచి 3,000 రూపాయలకు పెరిగిన మాట వాస్తవం. కూరగాయలు, పప్పు, నూనె బిల్లు మాత్రం తిన్న పిల్లల సంఖ్యను బట్టే వస్తుంది. సంఖ్య తగ్గితే బిల్లు తగ్గుతుంది, పొయ్యి కట్టెల ఖర్చు తగ్గదు.

హాజరు పట్టీ చెప్పని నిజం

ప్రాథమిక తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు ఉండాలని విద్యాహక్కు చట్టం నిర్దేశించింది. ఆ లెక్క బడికి సంబంధించినది, పిల్లవాడికి కాదు. పాఠశాల 200 రోజులు తెరిచే ఉండవచ్చు, నాలుగో తరగతి బాలిక అందులో సగం రోజులైనా అక్కడ ఉన్నదా అన్నది వేరే ప్రశ్న. బాలిక అనడానికి కారణం లేకపోలేదు. తల్లీతండ్రీ చేలో దిగితే పాలు తాగే చెల్లెలిని చూసుకునేది ఆమే. చదువు మానిపించాలన్న దురుద్దేశం తల్లిదండ్రులకు లేదు, పసిపిల్లను అప్పగించేందుకు మరో మనిషి లేదంతే.

అమ్మఒడి పథకంలో 75 శాతం హాజరు నిబంధన పెట్టినప్పుడు పిల్లలు బడి మానరని ఆశించారు. సుగ్గి పల్లెల్లో అది ఉపాధ్యాయులను ఇరకాటంలోకి నెట్టింది. నిజం రాస్తే పేద తల్లికి సొమ్ము ఆగిపోతుంది, రాయకుంటే పట్టీ అబద్ధం చెబుతుంది. ఇలాంటి షరతులు ఉన్నంత కాలం వలస పిల్లల అసలు సంఖ్య బయటికి రాదు. సంఖ్య బయటికి రానిదే వసతి మంజూరు కాదు. జూన్‌లో వచ్చిన 13,000 రూపాయలు సుగ్గిని ఆపుతాయనుకోవడమూ అమాయకత్వమే. అది పత్తి విత్తనాల కాలం. ఆ డబ్బు ఎటు పోతుందో రైతు కుటుంబంలో పుట్టినవారికి చెప్పనక్కరలేదు.

పైగా 2025 ఖరీఫ్ చేయిచ్చింది. ఉల్లి ధర పతనమై, మార్క్‌ఫెడ్ ద్వారా క్వింటాలు 1,200 రూపాయలకు ప్రభుత్వం కొనుగోలు చేయించాల్సి వచ్చింది. 2024 ఆగస్టులో తుంగభద్ర 19వ గేటు కొట్టుకుపోయిన నాటి నుంచి దిగువ కాలువ కింద రెండో పంటపై బెంగ తీరలేదు. ఊళ్లో పని లేనప్పుడు బడి కోసం ఆగిపొమ్మని ఏ కూలీ కుటుంబానికీ చెప్పలేం.

ఆగేది పిల్లలే కావాలి

పెద్దలు వెళ్లినా పిల్లలు ఊళ్లోనే ఉండేందుకు సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి. పగలు బడి, సాయంత్రం అక్కడే భోజనం, నిద్ర. ఆలోచన మంచిది. కుటుంబాలు బండెక్కిన తర్వాత అవి తెరుచుకుంటున్నాయన్నది ఏటా వినిపించే ఫిర్యాదు. తల్లి ఊళ్లో ఉండగా, తన కళ్లతో పడక, వంట, ఆడపిల్లల మరుగుదొడ్డి చూసుకుంటేనే బిడ్డను వదిలి వెళుతుంది. నవంబరులో మంజూరు ఉత్తర్వు వచ్చి, డిసెంబరులో దుప్పట్లు వస్తే, అప్పటికే ఆ బిడ్డ మిరప చేను గట్టున టార్పాలిన్ గుడిసెలో ఉంటుంది. సెప్టెంబరులోనే గ్రామాలవారీగా జాబితా తీసి, దసరా సెలవులు ముగిసిన రోజునే హాస్టలు తెరవడానికి కొత్త పథకమేదీ అక్కరలేదు, ఉన్న నిధులను రెండు నెలలు ముందు విడుదల చేస్తే చాలు.

అయినా కొందరు పిల్లలు వెళ్లక తప్పదు. గుంటూరు, పల్నాడు పల్లెల్లోనూ ఉన్నది ఇవే పాఠ్యపుస్తకాలు, ఇదే మధ్యాహ్న భోజనం. పిల్లవాడు కోరిన పాఠశాలకు మారేందుకు విద్యాహక్కు చట్టంలోని అయిదో సెక్షను వీలు కల్పిస్తోంది. బదిలీ పత్రం ఆలస్యమైందన్న సాకుతో చేర్చుకోకపోవడం కుదరదనీ అదే సెక్షను చెబుతోంది. ఆచరణలో జరిగేది వేరు. విద్యార్థి వివరాలు ఆన్‌లైన్‌లో సొంతూరి బడి పేరిటే ఉంటాయి. ఇక్కడ పేరు తీసేస్తే సంఖ్య తగ్గి పోస్టు పోతుందేమోనని ప్రధానోపాధ్యాయుడి భయం, అక్కడ నాలుగు నెలల కోసం చేర్చుకోవడం ఎందుకని మరొకరి తాత్సారం. రేషన్ బియ్యం దేశంలో ఎక్కడైనా తీసుకునే వెసులుబాటు వలస కూలీకి వచ్చి ఏళ్లయింది. అతని కుమారుడి పలకకు ఆ వెసులుబాటు చట్టంలో ఉండీ చేతికి రాలేదు. పేరు సొంతూళ్లోనే ఉంచి, హాజరు, భోజనం వెళ్లిన చోట నమోదు చేసే తాత్కాలిక ఏర్పాటు ఉంటే ఇద్దరు ప్రధానోపాధ్యాయుల ఇబ్బందీ తీరుతుంది. బెంగళూరు వెళ్లే పిల్లల సంగతి ఇంతకంటే చిక్కు. అక్కడ భాషే మారిపోతుంది.

మూడో తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డకూ చదవడం, రాయడం, లెక్కలు రావాలన్నది 2021లో మొదలైన నిపుణ్ భారత్ లక్ష్యం. గడువు 2026-27. సుగ్గి నుంచి తిరిగి వచ్చినవారికి ప్రత్యేక తరగతులు నడిపేందుకు ఎంత కాలం దొరుకుతుందో 2025 అనుభవమే చెబుతోంది. ఆ ఏడాది ఉగాది మార్చి 30న వచ్చింది. పండుగకు ఊరు చేరిన పిల్లలు బడికి వచ్చేసరికి ఒంటిపూట బడులు మొదలై రెండు వారాలు దాటింది. వెంటనే వార్షిక పరీక్షలు. ఏప్రిల్ 23 చివరి పనిదినం. ఆ మూడు వారాల ఒంటిపూటల్లోనే అయిదు నెలల పాఠం చెప్పాల్సి వచ్చింది. వేసవి సెలవుల్లో ఆ పిల్లలకు పాఠాలు చెప్పేందుకు ముందుకొచ్చే స్థానిక యువతకు గౌరవ వేతనం ఇచ్చే విషయమైనా మండల విద్యాధికారులు ఈసారి మార్చిలోపు ప్రతిపాదించవచ్చు. ఏప్రిల్‌లో పంపిన దస్త్రం జూన్‌కు గానీ తిరిగి రాదు.