విఠలాచార్య - అద్భుతరసము

నమ్మశక్యము కాని మాట వినబడినచో మన విద్యావంతులు "విఠలాచార్య సినిమా వలె నున్నది" అని నవ్వి త్రోసివేయుదురు. ముప్పది సంవత్సరములుగా తెలుగు పాఠములు చెప్పుచున్న నేనును ఆ నవ్వులో పాలుపంచుకొన్నవాడనే. ఆ తప్పును ఒప్పుకొనుటకే ఈ నాలుగు మాటలు.

బి. విఠలాచార్య 1920లో ఉడుపి ప్రాంతమున జన్మించిరి. మొదట హోటలు నడిపి, పిమ్మట డేరాలలో సినిమాలు ప్రదర్శించి, మైసూరులో చిత్రనిర్మాణమునకు దిగి, 1955లో 'కన్యాదానం'తో తెలుగునకు వచ్చిరి. 1963లో 'బందిపోటు', 1978లో 'జగన్మోహిని' తీసిరి. 1999లో కన్నుమూసిన ఆయనను ప్రేక్షకులు నేటికిని 'జానపద బ్రహ్మ' యనియే తలచుకొందురు. ఆయన చిత్రములన్నియు చూచినవాడను కాను. చూచినవానిలో కొన్నిటిని మరచితిని గూడ. ఒక్క దృశ్యము మాత్రము మరపునకు రాదు.

చిన్ననాట అమ్రాబాదు నుండి ఘాటు దిగి, అచ్చంపేటలో అమ్మతో కలసి 'జగన్మోహిని' చూచితిని. అందులో దయ్యము కట్టెలకు మారుగా తన కాళ్ళనే పొయ్యిలో పెట్టి వంట చేయును. పిల్లలము బెదరి కండ్లు మూసికొంటిమి. అమ్మ మాత్రము నవ్వి, "గట్ల కాళ్ళుంటే అడివికి పోయే బాధ తప్పుతుండె" అన్నది. నల్లమలలో దినదినము కట్టెలమోపు నెత్తికెత్తుకొన్న మనిషి మాట అది.

అద్భుతమునకు విస్మయము స్థాయీభావమని భరతుడు చెప్పెను. ఆ విస్మయము ఆకాశమునుండి ఊడిపడదు. తెలిసిన వస్తువు తెలియని పని చేసినపుడే పుట్టును. పొయ్యి మనది, ఎసరు మనది, కట్టెల కరవు మనది. వానికి దయ్యపు కాళ్ళను జతపరచిన ఊహ ఆయనది. నేడు కంప్యూటరు కల్పించు మహానగరములను చూచి మన కన్నులు విప్పారును. కాని అవి మన వంటయింటి గడప దాటి లోనికి రావు.

ఆయన చిత్రములలో లోపములు లేకపోలేదు. మంత్రగాండ్రందరు ఒక్క పోలికవారే. ఆడుదయ్యముల నృత్యములు కథకు అవసరమైన దానికంటె ఎక్కువ. వీనిని విమర్శింపవచ్చును, విమర్శింపవలెను. కాని కష్టజీవుల కోరికను కథగా మలచిన చేతిని చులకన చేయుట విమర్శ కాదు.

మొన్న తరగతిలో ఒక విద్యార్థిని అద్భుతరసమునకు ఉదాహరణ మడిగినది. ఒక ప్రబంధపద్యమును వివరించితిని. మనస్సులో మెదలినది మాత్రము ఆ పొయ్యి. పండితుడనన్న బిడియము నా నోరు కట్టివేసినది. అమ్మ ఇప్పుడు లేదు. ఆమె మాటయే ఆ దృశ్యమునకు నేనెరిగిన ఉత్తమ వ్యాఖ్యానము. రేపు సోమవారము, తరగతికి పోయి ఆ విద్యార్థినికి మొదట ఆ పొయ్యి సంగతియే చెప్పెదను.