విమానం లెక్క వేరు, ఒంటి లెక్క వేరు

శంషాబాద్ నుంచి డల్లాస్ విమానాశ్రయానికి సూటిగా కొలిస్తే దూరం దాదాపు 14,400 కిలోమీటర్లు. దుబాయ్ మీదుగా వెళితే సుమారు 15,500. ఇందులో దుబాయ్ వరకు నాలుగు గంటలు, అక్కడి నుంచి డల్లాస్‌కు పదహారు గంటలు. టికెట్టు కొనే పిల్లలు చూసేది ఈ లెక్కనే. ప్రయాణించే తల్లిదండ్రుల శరీరానికి వేరొక లెక్క ఉంది.

ఖమ్మంలో బయలుదేరే డెబ్బై ఏళ్ల వారికి శంషాబాద్ చేరడానికే కారులో నాలుగైదు గంటలు పడుతుంది. విమానానికి మూడు గంటల ముందే చేరాలి. దుబాయ్‌లో నిరీక్షణ, డల్లాస్‌లో తనిఖీల వరుస కూడా కలిపితే ఇరవై గంటల ప్రయాణం ముప్పై గంటలు దాటుతుంది. అందులో అధిక భాగం మోకాళ్లు వంచి కూర్చోవడమే.

మనం నడిచేటప్పుడు పిక్క కండరాలు సిరల్లోని రక్తాన్ని గుండె వైపు నెడతాయి. కదలక కూర్చుంటే రక్తం నిలిచి, గడ్డకట్టే అవకాశం పెరుగుతుంది. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. నాలుగు గంటలు, అంతకు మించిన ప్రయాణంలో ఈ ముప్పు సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించింది. అయినా అది దాదాపు 6,000 మందిలో ఒకరికే. కనుక భయం వద్దు, అలక్ష్యమూ వద్దు.

వైద్యుణ్ణై ఉండి నేనే పొరపాటు చేశాను. కొన్నేళ్ల క్రితం కిటికీ పక్కన కూర్చొని, పక్కవారిని లేపడానికి మొహమాటపడ్డాను. మాటిమాటికీ లేవవలసి వస్తుందని నీళ్లు తాగడం తగ్గించాను. దిగగానే మా అబ్బాయి అడిగితే, ప్రయాణం బాగానే జరిగిందన్నాను. మూడవ రోజున ఎడమ పిక్క వాచింది. పరీక్షలో రక్తపు గడ్డ అని తేలింది. సకాలంలో చికిత్స అందింది కనుక నేడు ఈ మాటలు రాయగలుగుతున్నాను.

అందుచేత నా అభిప్రాయం ఇది. పెద్దల ప్రయాణానికి మొత్తం సమయం కన్నా, ఏకబిగిన ఎంతసేపు కూర్చోవాలన్నది ముఖ్యం. లండన్ మీదుగా వెళితే ఇంచుమించు పదేసి గంటల రెండు అంచెలు. మధ్యలోని విరామం వృథా కాదు, నడవడానికి దొరికిన వ్యవధి. నడవా పక్క సీటు తీసుకోండి. గంటకోసారి లేవండి, కూర్చున్నప్పుడు మడమలు పైకీ కిందికీ ఆడించండి, నీళ్లు తాగండి. మందులు చేతిసంచిలోనే ఉంచుకోండి. శీతకాలంలో డల్లాస్ మనకంటే పదకొండున్నర గంటలు వెనుక. ఇన్సులిన్ వాడేవారు మోతాదుల వేళలను ముందే తమ వైద్యునిచేత రాయించుకోవాలి. గతంలో రక్తం గడ్డకట్టినవారు, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారు, క్యాన్సర్ ఉన్నవారు టికెట్టు కొనకముందే వైద్యుణ్ణి సంప్రదించాలి.

చేరిన తరువాత కొన్ని వారాలలోపు ఒక కాలు మాత్రమే వాచినా, పిక్క నొప్పి పెట్టినా ఆలస్యం చేయకుండా వైద్యునికి చూపించండి. ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి తోచినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. పిల్లలకు నా విన్నపం ఒక్కటే: బాగానే జరిగిందన్న జవాబుతో సరిపెట్టుకోక, అమ్మానాన్నల కాళ్లు ఒకసారి చూడండి.